మందు డబ్బా రాకముందు, వచ్చిన తర్వాత: మన వరి కయ్యల్లో పురుగుల చరిత్ర



ప్రతి ఏడాదీ నివేదిక పుస్తకంలో పొదుపు ఎంత, అప్పులు ఎంత, వసూళ్ళు ఎంత అని చదువుకుంటాం. ఈసారి లెక్కలతో పాటు ఒక చరిత్ర కూడా పెడుతున్నాం. రాజుల చరిత్ర కాదు, వరి కయ్యలో పురుగుల చరిత్ర. నవ్వేవాళ్ళు నవ్వొచ్చు, మేమూ మొదట నవ్వినాం. కానీ అప్పుల దరఖాస్తులు తిరగేస్తా ఉంటే ‘ఎందుకు కావాలి’ అన్న గడిలో ‘సేద్యానికి’ అనే మాటే పదేపదే కనిపించింది. ఆ మాట మూట విప్పితే అందులో దున్నకం ఉంది, నాట్ల కూలి ఉంది, యూరియా ఉంది, పురుగుల మందు ఉంది. దున్నకం, నాట్లు మనకు తెలిసినవే. మందు ఎప్పుడు వచ్చింది, ఎందుకు వచ్చింది, అది రాకముందు మన అవ్వలు పంట ఎట్లా తీసినారు అని అడిగితే మాలో ఎవరికీ సరిగ్గా తెలియలేదు. మన పొదుపు డబ్బు పోయే దోవ మనకే తెలియకపోతే ఎట్లా? అందుకే పెద్దోళ్ళను అడిగి, శిక్షణల్లో విన్నవి, చదివినవి కూడగట్టి ఇది రాస్తున్నాం.

కంప, కిరసనాయిలు తాడు, కప్ప

చిత్తూరు జిల్లా 1911లో మద్రాసు రాజధాని కింద ఏర్పడింది. అప్పటికి మన సేద్యం అంతా చెరువు కింద, బావి కింద, ఏటి కాలువల కింద. ఈశాన్య రుతుపవనం వానలకు చెరువు నిండితే వరి, నిండకపోతే చేనికాయలు, రాగి, సజ్జ. వరిలో పొడుగు రకాలే ఉండేవి. కోయంబత్తూరు వరి పరిశోధన కేంద్రం 1921లో జి.ఇ.బి. 24 అనే రకం విడుదల చేస్తే మన పెద్దోళ్ళు దాన్ని కిచ్చిలి సాంబ అనే పిలుచుకున్నారు. నెల్లూరు వైపు మొలగొలుకులు. పైరు నడుం దాకా పెరిగేది, పిలకలు తక్కువ, దుబ్బుల మధ్య గాలి ఆడేది. ఎరువు అంటే పశువుల పేడ, ఆకు ఎరువు, చెరువు ఒండ్రు.

పురుగులు అప్పుడూ ఉన్నాయి. మద్రాసు ప్రభుత్వంలో కీటక శాస్త్రవేత్తగా పనిచేసిన ఫ్లెచర్ అనే ఆయన 1914లో దక్షిణ భారతంలోని పురుగుల మీద లావు పుస్తకమే అచ్చు వేయించినాడు. మొవ్వు చంపే కాండం తొలిచే పురుగు, గొట్టాలు తెప్పించే ఉల్లికోడు, ఆకుముడత అన్నీ ఆనాటివే. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు మనల్ని నిద్రపోనివ్వని సుడిదోమ ఆ రోజుల్లో లెక్కలో లేని పురుగు. ఉండేది, కానీ పంటను మాడ్చేంతగా లేచేది కాదు. ఎందుకు లేవలేదు అన్నదే ఈ కథలో అసలు ముడి. దాని దగ్గరికి తర్వాత వస్తాం.

మందు లేని రోజుల్లో చేసిన పనులు కొన్ని అవ్వలకు ఇంకా గుర్తున్నాయి. ఆకుముడత పడితే ముళ్ళకంప తెచ్చి ఇద్దరు చెరో కొన పట్టుకొని పైరు మీద లాగేవాళ్ళు. ముడతలు విచ్చుకొని పురుగు నీళ్ళలో పడేది. గొట్టాల పురుగుకు కిరసనాయిలు తడిపిన తాడు లాగేవాళ్ళు. నారు పీకేటప్పుడు ఆకు కొనలు తుంచేవాళ్ళు. కాండం తొలిచే పురుగు తల్లి రెక్కల పురుగు గుడ్లు పెట్టేది ఆకు కొనల్లోనే, గోధుమ రంగు నూగు కప్పిన చిన్న ముద్దలుగా. కొన తుంచితే గుడ్లు గట్టు మీదనే పోతాయి, కయ్యలోకి రావు. తుంచే చేతులు ఎవరివి? నాట్లేసే ఆడోళ్ళవి. పురుగుల శాస్త్రం చదవని మన అవ్వలు దీన్ని ‘నారు పొడుగైంది, వాలిపోతుంది, తుంచండి’ అని చెప్పేవాళ్ళట. కారణం ఏదని చెప్పినా పని మాత్రం జరిగేది.

ఎలుకలకు యానాదులు వచ్చేవాళ్ళు. బొక్కకు కుండ పెట్టి, గడ్డి అంటించి, పొగ లోపలికి ఊది, బయటికి వచ్చే ఎలుకను పట్టేవాళ్ళు. బొక్కలో ఎలుక దాచుకున్న వడ్లు వాళ్ళకే. శ్రీకాళహస్తి, సత్యవేడు, వెంకటగిరి వైపు మన సంఘాల్లో యానాది అక్కలు ఉన్నారు. ఆ విద్య తెలిసినవాళ్ళు ఇంకా మిగిలి ఉన్నారు. ఎలుకల మందు బిళ్ళలు వచ్చాక వాళ్ళను పిలవడం తగ్గింది. ఆ విద్యకు ఎవరూ కూలి కట్టింది లేదు.

ఇక పిలవకుండా వచ్చే పనివాళ్ళు. కప్పలు, తూనీగలు, కొంగలు, పసుల పోలిగాడు. కోతలయ్యాక బాతుల మందలు దిగి రాలిన గింజలు, నత్తలు, పురుగులు ఏరుకొని తినేవి. సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టు చెరువుకు ఏటేటా కొంగలు, గూడబాతులు వచ్చి గూళ్ళు కడతాయి. 1976లో ప్రభుత్వం దాన్ని పక్షుల రక్షిత కేంద్రం చేసింది. కప్పల కథ వేరే. ఒక కాలంలో మన దేశం నుంచి కప్ప కాళ్ళను వేల టన్నుల లెక్కన విదేశాలకు పంపేవాళ్ళు, తినడానికి. చేలల్లో కప్పలు తగ్గి పురుగు పెరుగుతుందని గొడవ లేచి 1987లో ఆ ఎగుమతి నిలిపేసినారు. కప్ప కాళ్ళు అమ్మి తెచ్చిన డాలర్లతో పురుగుల మందు కొనుక్కున్నామని అప్పట్లో ఎగతాళి చేసేవాళ్ళు. ఎగతాళే అయినా అందులో నిజం లేకపోలేదు.

ఆ కాలం బంగారు కాలం అని మాత్రం మేం అనడం లేదు. ఎకరాకు వచ్చే వడ్లు తక్కువ. వాన తప్పితే కరువే. మన అవ్వలు రాగి సంగటి తిని బతికింది ఆరోగ్యం కోసం కాదు, వరి అన్నం పండగకే దక్కేది గనుక. ఇది మరిచిపోయి పాతదంతా మంచిదని చెబితే ఆ అవ్వలే మనల్ని తిడతారు.

పొట్టి రకం, పొడి, గుళికలు

1966లో ఫిలిప్పీన్స్ దేశంలోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్. 8 అనే పొట్టి రకం విడుదల చేసింది. పశ్చిమ గోదావరి ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు గారు 1967లో దాన్ని తన పొలంలో పండించి పేరు తెచ్చుకున్నారు. ఆ తర్వాత జయ, ఇంకా ఎన్నో పొట్టి రకాలు. యూరియా ఎంత వేసినా పడిపోవు, పిలకలు గుబురుగా వస్తాయి, తొందరగా కోతకు వస్తాయి, రెండో పంటకు వీలు. గింజ ఇళ్ళల్లో నిండింది. పిలకాయలకు రోజూ అన్నం దొరికింది. ఇది చిన్న సంగతి కాదు.

అయితే ఆ విత్తనం ఒంటరిగా రాలేదు. విత్తనం, యూరియా, మందు మూడూ ఒకే మూటగా వచ్చినాయి. పైరు గుబురు కావడంతో దుబ్బుల అడుగున నీడ, చెమ్మ నిలిచింది. యూరియా తిన్న ఆకు మెత్తగా, పచ్చగా, పురుగుకు తియ్యగా తయారైంది. పంట వెనక పంట వేయడంతో పురుగుకు ఏడాది పొడుగునా మేత దొరికింది. అడుగున నీడలో దాక్కొని రసం పీల్చే సుడిదోమకు ఇంతకన్నా ఏం కావాలి? 1973-74లో కేరళలో సుడిదోమ లేచి చేలు కాలినట్టు మాడిపోయినాయి. అక్కడితో ఆగలేదు. దేశమంతా, గోదావరి కృష్ణా డెల్టాలతో సహా, ఆ పేరు విన్నది.

మందుల పేర్లు పెద్దోళ్ళకు నోటికి వచ్చు. డి.డి.టి., బి.హెచ్.సి. పొడి, ఎండ్రిన్, పాలిడాల్. పొడిని గుడ్డలో మూటగట్టి కట్టెతో తడతా పైరు మీద చల్లేవాళ్ళు. థిమ్మెట్ గుళికలు ఇసకలో కలిపి వట్టి చేత్తో చల్లేవాళ్ళు, ఆ పని చాలా ఊళ్ళలో ఆడోళ్ళదే. సాయంత్రం అదే చేత్తో పిల్లకు పాలిచ్చినామని, చేతులు సబ్బుతో కడుక్కోవాలని అప్పట్లో ఎవరూ చెప్పలేదని ఒక అవ్వ మాతో అన్నది. ఎండ్రిన్ పేరు అయితే మన ఊళ్ళలో మందు పేరుగా కాదు, చావు పేరుగా నిలిచిపోయింది. చేలో డి.డి.టి. వాడకాన్ని 1989లో, ఎండ్రిన్‌ను 1990లో, బి.హెచ్.సి.ని 1997లో ప్రభుత్వం నిషేధించింది. థిమ్మెట్‌లో ఉండే ఫోరేట్ 2020 డిసెంబరు 31 నుంచి నిషేధంలో ఉంది. ఒక్కో మందుకు ముప్పై, నలభై ఏళ్ళ ఆయుస్సు. అది మంచిది కాదని తేలే లోపల ఒక తరం దాన్ని చేత్తో చల్లేసింది.

1986లో బాపట్ల నుంచి బి.పి.టి. 5204, సాంబ మసూరి, వచ్చింది. సన్నగింజ, అన్నం రుచి, సంతలో ధర. మన వైపూ అందరూ దానికే పరిగెత్తినాం. దానికి సుడిదోమను, అగ్గితెగులును తట్టుకునే గుణం లేదు. ధర కావాలా, నెమ్మది కావాలా అంటే ధరే కావాలన్నాం, తప్పు కూడా కాదు. అప్పు తీర్చాల్సింది ధరతోనే గదా. కానీ దానితో పాటు మందు ఖర్చు మన ఇంటి ఖర్చులాగా స్థిరపడిపోయింది.

మందు కొట్టే కొద్దీ దోమ ఎందుకు లేచింది

ఇప్పుడు ముడి విప్పుదాం. ఇది కొంచెం నిదానంగా చదవండి, సంఘం సమావేశంలో చదివేవాళ్ళు గట్టిగా చదవండి.

సుడిదోమ తల్లి గుడ్లను ఆకు తొడిమ లోపల చీల్చి పెడుతుంది. వందల గుడ్లు. పైన మందు కొడితే లోపలి గుడ్డుకు తగలదు. వారం, తొమ్మిది రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. నెల తిరిగేసరికి అవే తల్లులు. ఆ దోమను తినేవాళ్ళు ఎవరు? మొదట సాలీడు. గూడు కట్టకుండా నీళ్ళ మీద, దుబ్బు అడుగున పరిగెత్తే లైకోసా సాలీడు రోజుకు 5 నుంచి 15 దోమల దాకా తింటుంది. రెండోది మిరిడ్ నల్లి. పచ్చగా, సన్నగా, నల్ల తలతో ఉంటుంది, చూసి ఇదీ దోమే అనుకుంటాం. ఇది ఆకు తొడిమలో సూదిలాంటి మూతి దూర్చి దోమ గుడ్లను పీలుస్తుంది, రోజుకు 7 నుంచి 10 గుడ్లు. మందు తగలని చోట కూడా దీని మూతి తగులుతుంది. ఇంకా అక్షింతల పురుగులు, సూది తూనీగలు, గుడ్డులోనే గుడ్డు పెట్టే కంటికి కనపడని కందిరీగ జాతులు. ఉల్లికోడును లోపలి నుంచే తినేసే చిన్న రెక్కల పురుగు కూడా ఉంది.

మందు కొట్టిన రోజు దోమలూ చస్తాయి, సాలీళ్ళూ నల్లులూ చస్తాయి. సంతోషపడతాం. వారం తర్వాత తొడిమలోని గుడ్లు పొదుగుతాయి. సాలీడు మాత్రం అంత తొందరగా తిరిగి రాదు. దాని తరం నెలల లెక్క. కాపలా లేని ఇంట్లో దొంగలు పడినట్టు దోమ లేస్తుంది. మళ్ళీ కొడతాం. మళ్ళీ లేస్తుంది. 1970ల చివర ఫిలిప్పీన్స్‌లో పీటర్ కెన్మోర్ అనే పరిశోధకుడు ఇదే చూపించినాడు. మందు కొట్టని కయ్యలో దోమ లెక్కలోనే ఉంది, కొట్టిన కయ్యలో ఎన్నో రెట్లు పెరిగింది.

ఈ పాఠం మొదట నేర్చుకున్న దేశం ఇండోనేషియా. మన ఊరికీ ఇండోనేషియాకూ ఏం సంబంధం అంటారేమో. సంబంధం ఉంది. అక్కడి ప్రభుత్వం పురుగుల మందుల ధరలో ఎనభై శాతానికి పైగా తానే భరించింది. రైతులు నీళ్ళలాగా కొట్టినారు. 1970ల మధ్య నుంచి దోమ లక్షల ఎకరాలు మాడ్చింది. తట్టుకునే కొత్త రకం తెస్తే కొన్నేళ్ళకే దోమ దాన్నీ తినడం నేర్చింది. 1986 నవంబరులో ఆ దేశ అధ్యక్షుడు వరి మీద 57 రకాల మందులు వాడకూడదని ఆజ్ఞ ఇచ్చినాడు. 1989 నాటికి రాయితీ పూర్తిగా ఎత్తేసినారు. ఆ డబ్బులో కొంత పెట్టి రైతులకు చేలోనే బడి పెట్టినారు. వారానికొకసారి పదిమంది దిగి, దుబ్బులు వంచి, దోమలెన్ని, సాలీళ్ళెన్ని అని లెక్కపెట్టి, ఆ తర్వాతే మందు సంగతి మాట్లాడాలి. మందు తగ్గినా దేశం పంట తగ్గలేదు, పెరిగింది. మన రాష్ట్రంలో ‘రైతు పొలం బడి’ అని జరిగింది ఆ బడి మనవరాలే.

ఇంకొక సంగతి జావా దీవిలో తేలింది, 1996లో అచ్చయింది. నాట్లేసిన తొలి రోజుల్లో దోమలు ఇంకా రావు. అప్పుడు సాలీళ్ళు ఏం తిని బతుకుతాయి? బురదలో కుళ్ళే ఆకును, పేడను తిని పెరిగే చిన్న చిన్న ఈగలు, దోమల్లాంటి పురుగులు ఉంటాయి, పంటకు ఏ హానీ చేయవు. సాలీళ్ళకు అవే తొలి తిండి. బురదలో కుళ్ళే సరుకు ఎంత ఉంటే అవి అంత, అవి ఎంత ఉంటే సాలీళ్ళు అంత. దోమ వచ్చేసరికి కాపలా తయారుగా ఉంటుంది. జీలుగ, జనుము దున్నిన కయ్యకు, పేడ ఎరువు, ఘనజీవామృతం వేసిన కయ్యకు, యూరియా ఒక్కటే పోసిన కయ్యకు తేడా ఇక్కడ ఉంది. ప్రకృతి సేద్యం చేసే చేలో సాలీళ్ళు జాస్తిగా ఎందుకు కనిపిస్తాయంటే మందు కొట్టకపోవడం ఒక్కటే కారణం కాదు, అన్నం పెట్టడం కూడా. నాటిన 40 రోజుల లోపల మందు కొట్టొద్దని వియత్నాంలో 1994 నుంచి ఊరూరా చెప్పింది కూడా అందుకే. ఆ రోజుల్లో ఆకుముడత కాస్త కనిపించినా పైరు కొత్త ఆకులు వేసుకొని తేరుకుంటుంది. ఆ నాలుగు ఆకుల కోసం కొట్టిన మందే తర్వాతి దోమకు దారి తీస్తుంది.

గట్ల మీద పూలు కూడా ఉత్తి అందానికి కాదు. చైనా, థాయిలాండ్, వియత్నాం మూడు దేశాల్లో గట్ల మీద తేనె పూల మొక్కలు పెంచి చూసిన లెక్క 2016లో వచ్చింది. మందు కొట్టడం 70 శాతం తగ్గింది, దిగుబడి 5 శాతం పెరిగింది. మన గెనాల మీద బంతి, అలసంద, కంది ఆ పనే చేస్తాయి. అలసందకాయ కూరకూ వస్తుంది, అది ఏ శాస్త్రవేత్త లెక్కలోనూ లేదు.

రెండు రకాల మందు మీద ఆడోళ్ళ కొట్లాట

మన ఊళ్ళలో మందు అంటే రెండు. ఒకటి సారా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు సారా అంగడి మూయించినారు. ఆ కదలిక మన జిల్లాకూ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. తాగుడుకు పోయే డబ్బు దాచుకుంటే అనే ఆలోచన నుంచే నెల్లూరులో పొదుపు సంఘాలు బలపడినాయి. 2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో పేదరిక నిర్మూలన పథకం మొదలైన ఆరు జిల్లాల్లో చిత్తూరు ఒకటి. వెలుగు అన్నాం, తర్వాత ఇందిరా క్రాంతి పథం అన్నాం. పేర్లు మారినాయి, పుస్తకాలు రాసేవాళ్ళం మనమే.

రెండో మందు మీద కొట్లాట ఖమ్మం జిల్లా పునుకుల అనే ఊళ్ళో పేరుకొచ్చింది. పత్తికి మందులు కొని అప్పులపాలైన ఊరు. అక్కడి మహిళా సంఘాల వాళ్ళు కూడా పట్టుబట్టి 2003-04 నాటికి ఊరంతా పురుగుల మందు మానేసింది. ఆ సమయానికే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సమాఖ్యల చేతనే మందులు లేని సేద్యం నడిపించడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళు దాటేసరికి 3 లక్షలకు పైగా రైతులు, 13.6 లక్షల ఎకరాలు ఆ దారిలోకి వచ్చినాయని 2009 నాటి లెక్క. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం అని నడుపుతా ఉంది. అది కూడా గ్రామ సంఘాల గడప తొక్కే వచ్చింది. 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి ఈ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి, ఇంకో ఇద్దరితో కలిపి, వచ్చింది. తిరుమల స్వామి నైవేద్యానికి 2021లో మందులు లేకుండా పండించిన బియ్యం వాడడం మొదలుపెట్టినారు. మన జిల్లా ఆడోళ్ళకు బహుమతి కన్నా ఈ మాటే ఎక్కువ ఆనందం ఇచ్చిందని చెప్పాలి.

ఇంత గొప్ప చెప్పుకున్నాం గనుక ఒక సణుగుడు కూడా రాస్తాం. పొలం బడులు జరిగిన రోజుల్లో కొన్ని ఊళ్ళలో పిలుపు పట్టా పేరున్న వాళ్ళకే వచ్చింది. పట్టా మొగోళ్ళ పేరు మీద. కయ్యలో వంగి రోజంతా దుబ్బులు చూసే మనం గట్టు మీద కూడా లేము.

మేం చేసిన తప్పు

మందులు మానండి అని మా సమావేశాల్లో చెప్పడం మొదలైన కొత్తలో మాటను చాలా తేలికగా చెప్పినాం. తూర్పు మండలాల్లో ఒక సభ్యురాలు ఎకరంన్నర బి.పి.టి. వేసింది. ‘ఏదొచ్చినా ఏమీ కొట్టొద్దు వదినా, సాలీళ్ళే చూసుకుంటాయి’ అని మా వాళ్ళే చెప్పినారు. ఆమె మందు మానింది గానీ యూరియా మానలేదు, పక్క కయ్య పచ్చగా ఉందని ఇంకొక బస్తా జాస్తిగానే వేసింది. కాలిబాటలు తీయలేదు. మేం అడగలేదు, ఆమె చెప్పలేదు. ఎవరూ దిగి దుబ్బు వంచి చూడలేదు. వెన్ను తీసే వేళకు కయ్య నడిమధ్యలో గుండ్రంగా ఎండిన మచ్చలు పడినాయి. నాలుగు రోజుల్లో మచ్చలు కలిసిపోయినాయి. పావు వంతు పంట పోయింది. ఆమె సంఘం అప్పు తీర్చడానికి కమ్మలు తాకట్టు పెట్టింది. ‘మీ మాట విన్నందుకు మా ఆయన ముందర తలెత్తలేకపోయినాను’ అని సమావేశంలో లేచి అన్నది. ఆ రోజు ఎవరూ జవాబు చెప్పలేదు. తప్పు ఆమెది కాదు, మాది.

అదే ఏడు ఇంకొక ఊళ్ళో ఇంకొకామె. ఆమెదీ బి.పి.టి.నే. నాటిన 70 రోజులకు పక్క చేలో దోమ అని అందరూ డబ్బాలు ఎత్తినారు. ఇంట్లో గొడవ. ఆమె పొద్దున్నే దిగి పది చోట్ల దుబ్బులు వంచి తట్టి చూసింది. దుబ్బుకు ఎనిమిది, తొమ్మిది దోమలు, రెండు మూడు సాలీళ్ళు, నల్లులు లెక్కకు మించి. పిలకల దశలో దుబ్బుకు 10-15, ఈనే దశ నుంచి 20-25 దోమలు దాటితేనే మందు ఆలోచన చేయమని వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళే చెబుతారు. ఆమె నాలుగు రోజులు ఆగుతానని మొగుడికి చెప్పి, నీళ్ళు తీసేసి కయ్య ఆరగట్టింది. నాట్లప్పుడే ప్రతి రెండు మీటర్లకు జానెడు కాలిబాట వదిలి ఉంది గనుక గాలి, ఎండ అడుగు దాకా పోయినాయి. నాలుగో రోజు మళ్ళీ లెక్కపెడితే దోమ తగ్గింది. మందు ఖర్చు లేకుండా పంట ఇంటికొచ్చింది.

ఇద్దరూ మందు కొట్టలేదు. ఒకామె లెక్కపెట్టింది, ఒకామెకు లెక్కపెట్టడం మేం నేర్పలేదు. ఆ ఏడాది నుంచి మా శిక్షణలో మొదటి పాఠం కషాయాలు కాదు, దుబ్బు వంచి లెక్కపెట్టడం. కషాయాల మీద కూడా మాకు ఒక అభిప్రాయం ఉంది. వేప గింజల కషాయం అవసరమైనప్పుడు మంచిదే. కానీ మిరప, పొగాకు దంచి కాచిన అగ్ని అస్త్రాన్ని వారం వారం కొడితే అది కూడా మందే, సాలీడుకు కళ్ళు మండుతాయి. మందు అంగడి మానేసి ఇంట్లో మందు అంగడి పెట్టినట్టు అవుతుంది. కొందరు కార్యకర్తలు ఈ మాటకు ఒప్పుకోరు, మా సమావేశంలోనే వాదన జరిగింది, ఇంకా తెగలేదు. మొదటి రెండు మూడు పంటల్లో దిగుబడి తగ్గొచ్చు అన్నది కూడా దాచకుండా చెప్పాలని మాత్రం అందరం ఒప్పుకున్నాం.

నారు కొనల కూలి

చివరగా, ఈ ఏడాది సమావేశాల్లో తెగకుండా మిగిలిన సంగతి ఒకటి ఉంది. నారు కొనలు తుంచడం, కాలిబాటలు వదలడం పురుగుకు మంచిదని అందరికీ తెలిసింది. కానీ నాట్లు ఇప్పుడు ఎకరా లెక్కన గుత్తకు పోతున్నాయి. కొనలు తుంచితే పొద్దు జాస్తి పడుతుంది. తాడు పట్టి కాలిబాట తీస్తే ఇంకా జాస్తి. గుత్త డబ్బు మాత్రం అంతే. మన సంఘాల్లో కయ్య ఉన్న అక్కలూ ఉన్నారు, నాట్లకు పోయే అక్కలూ ఉన్నారు. ‘మీకు మందు ఖర్చు మిగిలింది, మాకు నడుం నొప్పి మిగిలింది’ అని నాట్ల అక్కలు సూటిగానే అన్నారు. కయ్య ఉన్న అక్కలు ‘దిగుబడి వచ్చేదాకా మా చేతికి ఏం వచ్చింది’ అన్నారు. రెండు గ్రామ సంఘాల్లో కొనలు తుంచితే ఎకరాకు ఇంత జాస్తి అని తీర్మానం రాసుకున్నారు, ఒకదానిలో అది అమలైంది, ఒకదానిలో పుస్తకంలోనే ఉంది. మిగతా సంఘాలు వచ్చే నాట్లలోపు, నారు పోసే నెలలోనే, దీన్ని అజెండాలో పెట్టి, రెండు వైపుల వాళ్ళనూ కూర్చోబెట్టి, తేలిన రేటును తీర్మానం నకలుతో సహా సమాఖ్య కార్యాలయానికి పంపాలని కోరుతున్నాం.